కారులో హ్యాండ్స్‌ఫ్రీ కిట్: హౌస్ డ్రైవర్లకు, కంపెనీ డ్రైవర్లకు సూచనలు (ప్రసంగ పాఠం)



వారమంతా బండి నడిపి, విశ్రాంతి తీసుకోవాల్సిన సెలవు పూట ఇక్కడికి వచ్చినందుకు మీకు కృతజ్ఞతలు. మీలో చాలామంది కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వచ్చినవారు. కరీంనగర్, నిజామాబాద్ వైపు సోదరులు కూడా ఉన్నారు. కొందరు ఇళ్ళల్లో హౌస్ డ్రైవర్లు, కొందరు కంపెనీ వ్యాన్లు, డెలివరీ బండ్లు నడిపేవారు. పని ఏదైనా అందరికీ ఒక ఇబ్బంది ఉంది. చేతిలో స్టీరింగ్ ఉండగా జేబులో ఫోన్ మోగుతుంది. ఎత్తితే పోలీసు, ఎత్తకపోతే బాబా కోపం. ఈ ఇబ్బందిని ఎలా తగ్గించుకోవాలో ఈ రోజు మాట్లాడుకుందాం.

చట్టం ఏమంటోంది?

కువైట్ కొత్త ట్రాఫిక్ చట్టం 2025 ఏప్రిల్ 22 నుంచి అమలులోకి వచ్చింది. బండి నడుపుతూ ఫోన్ చేతితో పట్టుకుని వాడితే పాత జరిమానా 5 దినార్లు. కొత్త చట్టంలో అది 75 దినార్లు. సీటు బెల్టు పెట్టుకోకపోతే 10 దినార్లు ఉండేది 30 దినార్లయింది. ఇంటి పనివారికి కనీస జీతం నెలకు 60 దినార్లు అని 2016లో నిర్ణయించారు. అంటే ఒక్క ఫోన్ కాల్ ఖరీదు ఆ కనీస నెల జీతం కంటే ఎక్కువ.

పోలీసు ఎదురుగా లేడు కదా అనుకోవద్దు. ఫోన్ పట్టుకున్న చెయ్యిని, పెట్టుకోని బెల్టును కెమెరాలే ఫోటో తీస్తున్నాయి. కెమెరా చూసేది నంబర్ ప్లేటును, కాబట్టి జరిమానా ముందు బండి యజమానికి చేరుతుంది. తర్వాత అది ఎవరి జీతంలోంచి పోతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇంకొక సంగతి. 2023 ఆగస్టు నుంచి విదేశీయులు తమ పేరు మీద ఉన్న ట్రాఫిక్ జరిమానాలు కట్టిన తర్వాతే దేశం దాటాలి. చెల్లెలి పెళ్ళికని టికెట్ కొనుక్కుని, సామాను కట్టుకుని ఎయిర్‌పోర్టుకు పోయాక పాత జరిమానా బయటపడితే ఎంత ఇబ్బందో ఆలోచించండి. ఫోన్‌లో సహెల్ యాప్ పెట్టుకుని, మీ పేరు మీద ఏమైనా ఉన్నాయేమో నెలకొకసారి చూసుకోండి.

ముందు యజమానితో మాట్లాడండి

బండి మీది కాదు, కఫీల్‌ది లేదా కంపెనీది. అందులో ఒక్క స్క్రూ విప్పాలన్నా ముందు అడగాలి. అడగకుండా రేడియో ఊడదీసి వైర్లు కలిపితే, ఆ తర్వాత బండిలో ఏది చెడిపోయినా నింద మీ మీదికే వస్తుంది. నోటితో అడిగి, ఒప్పుకున్నాక వాట్సాప్‌లో ఒక చిన్న మెసేజ్ కూడా పెట్టండి. రేపు మాట తేడా వస్తే అది మీకు ఆధారం.

కిట్ డబ్బులు ఎవరు పెట్టుకోవాలి? బండిలో మీరు ఫోన్ ఎత్తేది ఎక్కువగా యజమాని పని కోసమే కాబట్టి ఆయననే అడగడంలో తప్పు లేదు. "బాబా, ఫోన్ చేతిలో ఉంటే 75 దినార్లు. ఈ కిట్ దానికంటే తక్కువ" అని లెక్క చెప్పండి. చాలామంది లెక్క వింటే ఒప్పుకుంటారు.

ఏ రకం కిట్ మంచిది?

1. బండిలోనే ఉన్న బ్లూటూత్. కొత్త బండ్లలో చాలావాటికి ఇది ఉంటుంది. ఏమీ కొనక్కరలేదు. స్టీరింగ్ మీద ఫోన్ గుర్తున్న బటన్ ఉందేమో చూడండి. బండి ఆపి ఉన్నప్పుడు ఫోన్‌లో బ్లూటూత్ ఆన్ చేసి, రేడియో తెర మీద కనబడే నంబర్‌ను ఫోన్‌లో ఒప్పుకుంటే చాలు.

2. సన్ వైజర్‌కు క్లిప్‌తో తగిలించే చిన్న స్పీకర్. వైర్లు అక్కరలేదు. లోపల బ్యాటరీ ఉంటుంది, లైటర్ సాకెట్ నుంచి చార్జ్ చేసుకోవచ్చు. పాత బండి నడిపేవారికి, తరచూ బండి మారేవారికి ఇదే సులువు. ఉద్యోగం మారితే మీతో తీసుకుపోవచ్చు.

3. లైటర్ సాకెట్‌లో గుచ్చే ఎఫ్ఎం పరికరం. ఫోన్ మాట రేడియోలో వినిపిస్తుంది. చౌక. కాని దాని మైకు కింద గేరు దగ్గర ఉంటుంది కాబట్టి మీ మాట అవతలివారికి సరిగా వినపడదు. మీరు గట్టిగా అరవాలి, వంగాలి. బండి నడిపేవాడు వంగకూడదు.

4. శాశ్వతంగా బిగించే కిట్. ఒక చిన్న పెట్టె, మైకు, స్పీకర్, వైర్లు ఉంటాయి. ఫోన్ రాగానే పాట ఆగి మాట వినిపిస్తుంది. రోజంతా రోడ్డు మీద ఉండే కంపెనీ బండ్లకు ఇది మేలు.

బిగించే పద్ధతి

శాశ్వత కిట్‌ను పని తెలిసినవారి చేతనే పెట్టించండి. బండి ఏజెన్సీ వారంటీలో ఉంటే ఏజెన్సీలోనే చేయించాలి. లేదంటే షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియాలో కారు ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. రసీదు తప్పకుండా తీసుకోండి. మీరు పక్కన నిలబడి ఈ విషయాలు గమనించండి.

మొదటిది, ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పాలి. విప్పాక కొన్ని నిమిషాలు ఆగాలి. కొన్ని రేడియోలకు కరెంటు పోతే కోడ్ నంబర్ అడుగుతుంది. ఆ నంబర్ ముందే యజమానిని అడిగి పెట్టుకోండి.

రెండవది, వైర్లు కోయనివ్వవద్దు. రేడియో వెనక ప్లగ్‌కు, బండి వైరింగ్‌కు మధ్య పెట్టే రెడీమేడ్ సాకెట్లు దొరుకుతాయి. మీ బండి మోడల్ చెప్పి అదే తెప్పించండి. రేపు కిట్ తీసేసినా బండి ఎప్పటిలాగే ఉంటుంది.

మూడవది, కిట్‌కు ముఖ్యంగా మూడు వైర్లు కావాలి. ఎప్పుడూ 12 వోల్టులు వచ్చే వైరు ఒకటి, తాళంచెవి తిప్పితేనే కరెంటు వచ్చే వైరు ఒకటి, బాడీకి పోయే ఎర్త్ వైరు ఒకటి. సాధారణంగా ఇవి పసుపు, ఎరుపు, నలుపు రంగుల్లో ఉంటాయి. కాని అన్ని బండ్లలో రంగులు ఒకటి కావు, టెస్టర్ పెట్టి చూసే కలపాలి. తాళంచెవి వైరు బదులు ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకు కలిపితే బండి ఆపినా కిట్ పనిచేస్తూనే ఉంటుంది. రెండు మూడు రోజులు బండి కదలకపోతే బ్యాటరీ దిగిపోతుంది. తెల్లవారి పిల్లలను బడికి తీసుకుపోయే వేళకు బండి స్టార్ట్ కాదు.

నాలుగవది, ఎయిర్‌బ్యాగ్. స్టీరింగ్ కింద, డాష్‌బోర్డు లోపల పసుపు రంగు ప్లగ్గులు, పసుపు గొట్టంలో పోయే వైర్లు కనబడితే అవి ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని ముట్టుకోకూడదు, టెస్టర్ పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ మూత మీద గాని, అది తెరుచుకునే దారిలో గాని ఫోన్ స్టాండు, స్పీకర్ బిగించకూడదు. ప్రమాదంలో అది విచ్చుకున్నప్పుడు స్టాండు రాయిలాగా ముఖం మీదికి వస్తుంది. అద్దం పక్క స్తంభం మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే మైకు వైరు దాని మీదుగా లాగనివ్వవద్దు.

ఐదవది, మైకు మీ నోటికి దగ్గరగా, పైన వైజర్ పక్కన గాని, లోపలి అద్దం దగ్గర గాని ఉండాలి. ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెడితే అవతలివారికి హోరు తప్ప మాట వినపడదు.

ఆరవది, ఫ్యూజు. కిట్‌తో వచ్చిన ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో అదే ఉండాలి. ఫ్యూజు పోతే సిగరెట్ రేకు చుట్టడం, పెద్ద ఫ్యూజు వేయడం చేయవద్దు. అప్పుడు కాలేది వైరింగ్.

చివరగా, ఇంజన్ స్టార్ట్ చేసి ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరిపోయిందా, హారన్, ఇండికేటర్లు, రేడియో పనిచేస్తున్నాయా చూడండి. బండి అక్కడే ఉండగా ఒక స్నేహితుడికి ఫోన్ చేసి మాట్లాడండి. అన్నీ సరిగా ఉన్నాకే డబ్బులు ఇవ్వండి.

ఎండ సంగతి మరువవద్దు

2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబా వద్ద 53.9 డిగ్రీల వేడి నమోదైంది. అది బయటి నీడ లెక్క. అద్దాలు మూసి ఎండలో నిలిపిన బండి లోపల ఇంకా ఎక్కువ ఉంటుంది. బ్యాటరీ ఉన్న వైజర్ స్పీకర్‌ను, ఫోన్‌ను, పవర్ బ్యాంకును అలాంటి బండిలో వదిలి పోవద్దు. బ్యాటరీ ఉబ్బుతుంది, పగలవచ్చు, మంట కూడా రావచ్చు. దిగేటప్పుడు తీసి జేబులో వేసుకోండి. అద్దానికి అంటించే రబ్బరు స్టాండ్లు వేడికి మెత్తబడి, బండి పోతుండగా ఊడి పడతాయి. పడిన ఫోన్ కోసం చెయ్యి చాచడంలోనే చాలా ప్రమాదాలు జరుగుతాయి. ఏసీ గాలి వచ్చే చోట తగిలించే క్లిప్ నయం. ఫోన్ కూడా చల్లగా ఉంటుంది.

కిట్ ఉంటే సరిపోదు

సోదరులారా, ఈ మాట జాగ్రత్తగా వినండి. కిట్ మిమ్మల్ని జరిమానా నుంచి కాపాడుతుంది. ప్రమాదం నుంచి కూడా కాపాడుతుందని నమ్మవద్దు. ఫోన్ వాడుతూ నడిపేవారికి ప్రమాదం జరిగే అవకాశం సుమారు 4 రెట్లు ఎక్కువని, హ్యాండ్స్‌ఫ్రీ అయినా చేతి ఫోన్ కంటే పెద్దగా క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చెయ్యి ఖాళీగానే ఉంటుంది, మనసు మాత్రం మాటలో ఉంటుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 28 మీటర్లు పోతుంది. ఫహాహీల్ రోడ్డు మీద 5 సెకన్లు ఒక మెసేజ్ చదివితే, దాదాపు 140 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే.

కాబట్టి కొన్ని అలవాట్లు చేసుకోండి.

బాబా, మేడమ్ ఫోన్ చేస్తే ఒక్క బటన్ నొక్కి ఎత్తండి. "అనా అసూగ్, బాదేన్" అనండి. నేను బండి నడుపుతున్నాను, తర్వాత మాట్లాడతాను అని అర్థం. ఎక్కడికి రావాలో వినండి, అవునని చెప్పండి, పెట్టేయండి. అడ్రసు రాసుకోవాలన్నా, లొకేషన్ చూడాలన్నా పెట్రోలు బంకులోనో పార్కింగ్‌లోనో ఆపాకే. హైవే పక్క గీత దాటి ఆపడం కూడా ప్రమాదమే.

యజమానితో ముందే మాట అనుకోండి. "బండి నడిపేటప్పుడు నేను వెంటనే మాట్లాడలేకపోవచ్చు, ఆపగానే నేనే చేస్తాను" అని బండి దిగి ఉన్నప్పుడు, ఆయన తీరికగా ఉన్నప్పుడు చెప్పండి. పిల్లలు బండిలో ఉంటారని గుర్తు చేయండి. ఏ తల్లీ తండ్రీ ఆ మాట కాదనరు.

ఇంటి ఫోన్ల సంగతి వేరు. మన ఊరికి ఇక్కడికి రెండున్నర గంటల తేడా. అక్కడ 4:30కి బిడ్డ బడి నుంచి వచ్చి "నాన్నా" అని ఫోన్ చేసే వేళకు ఇక్కడ 2 గంటలు. ఆఫీసులు వదిలి రోడ్లు నిండిపోయే సమయం. ఆ ఫోన్ ఎత్తకుండా ఉండడం కష్టమని మాకు తెలుసు. అందుకే ఇంట్లో ఒక వేళ చెప్పి పెట్టండి. మీరు గదికి చేరాక మీరే చేస్తానని చెప్పండి. అప్పు గురించి, పొలం గురించి, అమ్మ ఆరోగ్యం గురించి మాట్లాడే మాటలు స్టీరింగ్ ముందు వద్దు. ఆ మాటలు విన్న మనిషి సిగ్నల్ చూడడు. వీడియో కాల్ అయితే ఏ కిట్ ఉన్నా బండిలో వద్దే వద్దు.

ఇంకో రెండు చిన్న విషయాలు. స్పీకర్‌లో వచ్చే మాట వెనక సీట్లో అందరికీ వినపడుతుంది, కాబట్టి ఫోన్ దానంతట అదే ఎత్తుకునే సెట్టింగ్ తీసేయండి. బ్లూటూత్ కలిపినప్పుడు మీ ఫోన్‌లోని పేర్లు, నంబర్లు బండి రేడియోలోకి పోతాయి. పని మానేటప్పుడు, బండి మారేటప్పుడు మీ ఫోన్ పేరును అందులోంచి తీసివేయండి.

ప్రమాదం జరిగితే

జాగ్రత్తగా ఉన్నా ప్రమాదం జరగవచ్చు. అక్కడి నుంచి పారిపోవద్దు. 112కు ఫోన్ చేయండి, యజమానికి చెప్పండి. అర్థం కాని అరబీ కాగితం మీద సంతకం పెట్టకుండా, తెలిసినవారి చేత చదివించుకుంటామని అడగండి. ఎవరైనా గాయపడినా, మీ మీద కేసు పెట్టినా రాయబార కార్యాలయానికి వెంటనే తెలియజేయండి. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా అందులో 10 లక్షల రూపాయల బీమా ఉంది. అది 2 లేదా 3 ఏళ్ళకే తీసుకుంటారు కాబట్టి గడువు ఎప్పటిదాకా ఉందో ఈ రోజే చూసుకోండి. పాలసీ కాపీ ఒకటి ఇంటికి కూడా పంపండి.

ఈ పుస్తకం చదివినవారు గదిలో ఉన్న మిగతా డ్రైవర్ సోదరులకు కూడా చదివి వినిపించండి. రేపు పొద్దున బండి తీసే ముందు ఒక్క నిమిషం కేటాయించి బ్లూటూత్ కలిసిందో లేదో చూసుకోండి, ఫోన్‌ను దాని చోట పెట్టండి, బెల్టు పెట్టుకోండి. మీరంతా క్షేమంగా పని చేసుకుని, క్షేమంగా మీ ఇళ్ళకు చేరాలని కోరుకుంటున్నాము.