మడుగులో మిగిలిన చేపే వచ్చే ఏటి విత్తనం
(ఆదివాసీ యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నేను గెడ్డ గురించి, గెడ్డలో చేప గురించి మాట్లాడతాను. కొమురం భీం ఇచ్చిన జల్, జంగల్, జమీన్ నినాదంలో మొదటి మాట నీరు. భూమి మీద, అడవి మీద మనం ఎన్నో సభలు పెట్టుకున్నాం. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొళాయి వచ్చిందా లేదా అనే దాకే మన మాట ఆగిపోతోంది.

మన పాడేరు, అరకు కొండల్లో చేప అంటే ఇప్పుడు సంతలో కొనే ఎండుచేపే. మన అమ్మమ్మలు పొలం నుంచి వస్తూ గెడ్డలో దిగి, ఓ పూట కూరకి సరిపడా చిన్న చేపలు, పీతలు, నత్తలు తెచ్చేవాళ్ళు. చేతిలో రూపాయి లేని రోజు కూడా పిల్లల కంచంలో కూర ఉండేది. అది పోయింది. పోయినట్టు ఏ పౌష్టికాహారం రిజిస్టర్లోనూ రాయలేదు.

ఎందుకు పోయింది? తొలకరికి గెడ్డ పొంగగానే చేపలు గుడ్లతో ఎదురెక్కుతాయి. పిల్లలు నీడ ఉన్న మడుగుల్లో పెరుగుతాయి. ఎండాకాలంలో గెడ్డ సన్నబడ్డాక మిగిలేది ఆ నాలుగు మడుగులే. వచ్చే ఏటి విత్తనమంతా వాటిలోనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఎవడో వచ్చి బ్లీచింగ్ పౌడరో, పురుగుల మందో కలుపుతాడు. పెద్ద చేపతో పాటు పిల్ల, గుడ్డు, అవి తినే పురుగు అన్నీ చస్తాయి. కింద ఊరివాళ్ళు ఆ నీళ్ళే తాగుతారు. నీళ్ళలో విషం కలిపి, పేలుడు పెట్టి చేపలు పట్టడం 1897 నాటి మత్స్య చట్టం ప్రకారమే నేరం. అంత పాత చట్టం మన గెడ్డ దాకా ఇంకా రాలేదు.

మందు ఒక్కటే కాదు. కాఫీ పళ్ళు పల్పింగ్ చేసిన నీళ్ళు నేరుగా గెడ్డలోకి వదిలితే, అవి పులిసి నీటిలో ఉన్న గాలిని తినేస్తాయి. గట్టున మద్ది, నేరేడు కొట్టేస్తే నీడ పోయి నీరు వేడెక్కుతుంది, మట్టి జారి మడుగు పూడుతుంది. నిట్టనిలువుగా కట్టిన చెక్‌డ్యామ్ దగ్గర గుడ్ల చేప ఆగిపోతుంది.

అందుకే మా పంచాయతీలో కుర్రాళ్ళం, అక్కలం కలిసి ఆదివారాలు గెడ్డ పని చేస్తున్నాం. పూడిన మడుగుల్లో చెత్త తీస్తున్నాం. గట్టున మద్ది, కానుగ, వెదురు నాటుతున్నాం. చెక్‌డ్యామ్ దిగువన రాళ్ళు వాలుగా పేరుస్తున్నాం, చేప ఎక్కడానికి. కాఫీ నీళ్ళకి గుంట తీసి, తొక్కని ఎరువు చేసుకోమని ఇల్లిల్లూ తిరిగి చెప్తున్నాం. లోతైన మడుగుల్లో చేపలు పట్టకూడదని, తొలకరి రోజుల్లో ఎదురెక్కే చేపని వదిలేయాలని పెద్దల్ని కూర్చోబెట్టి ఒప్పించాం.

కొందరు చేపపిల్లలు కొనితెచ్చి వదలమంటున్నారు. వద్దు. 2000లోనే కేంద్రం నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఇంకా దొంగచాటుగా అమ్ముతున్నారు. అది గెడ్డలో పడితే మన చేపల్ని మింగేస్తుంది. మడుగుని కాపాడితే మన చేప తనే వస్తుంది.

ఇంకొందరు ‘మనం ఊరికే చాకిరీ చేస్తే సర్కారు చేతులు దులుపుకుంటది కదా’ అంటున్నారు. మంచి ప్రశ్న. తట్టలు మోయడం దగ్గరే ఆగితే అదే జరుగుతుంది. రేపు ఇసుక కాంట్రాక్టరు ట్రాక్టర్ దింపితే మన ఆదివారాలన్నీ ఒక్క రాత్రిలో పోతాయి. కాబట్టి తట్టతో పాటు కాగితం కూడా పట్టుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(డి) నీటి వనరుల్లోని చేపల మీద సామూహిక హక్కు ఇస్తోంది. 3(1)(ఐ) మనం కాపాడుకుంటూ వచ్చిన సామూహిక అటవీ వనరుని కాపాడే, పునరుద్ధరించే హక్కు ఇస్తోంది. ఐదో సెక్షన్ నీటి వనరుల రక్షణ గ్రామసభ చేతిలో పెట్టింది. 1996 పెసా చట్టం చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీలకి అప్పగించమంటోంది. చిన్నతరహా ఖనిజాల లీజుకి గ్రామసభ గానీ, తగిన స్థాయి పంచాయతీ గానీ ముందే సిఫారసు చేయాలంటోంది. ఇసుక చిన్నతరహా ఖనిజమే.

మీ ఊరికి వెళ్ళాక నాలుగు పనులు చేయండి. ఎండాకాలంలోనూ నీళ్ళుండే మడుగులు ఎక్కడున్నాయో ముసలివాళ్ళని అడిగి పేర్లతో సహా రాయండి. మందు, కరెంటు, పేలుడు పెట్టకూడదని గ్రామసభలో తీర్మానం చేసి, అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. సామూహిక హక్కుల క్లెయిమ్‌లో గెడ్డ పేరు, హద్దులు రాయించండి. గట్టు పని, పూడిక పని ఉపాధి పనుల్లో పెట్టమని అడగండి. కూలి అడగడం తప్పు కాదు.

మందు కలిపేవాడు మన ఊరివాడైనా, మన చుట్టమైనా ఆపాల్సిందే. బయటివాడిని నిలదీసే గొంతు మన ఇంట్లో ముందు వినపడాలి.

జోహార్ ఆదివాసీ వీరులకు. జై ఆదివాసీ!