పగడాల వీధిలో యూదులు

శ్రీహరికోటనుండి పులికాటు సరస్సు దాటి, సూళ్లూరుపేటలో రైలెక్కి చెన్నపట్టణము పోవువారు జార్జిటౌనులోని పగడాల వర్తకుల వీధిని చూడవలయును. పూర్వ మచ్చట యూదు వర్తకులు వసించిరి. మధ్యధరా సముద్రపు పగడములు తెప్పించి, మాఱుగా గోలకొండ వజ్రములు పంపుట వారి వ్యాపారము. వారిలో పేరుగన్న జాక్ ద పైవా 1687లో గతించెను. మఱుసటి యేట వెలసిన నగరపాలక సంఘమున ముగ్గురు యూదులు పెద్దలైరి.

నేడు వీధికి పేరు మాత్రము మిగిలినది. మింటు వీధిలోని వారి సమాధి శిలలు సైతము చోట్లు మాఱి మాఱి 1983లో లాయిడ్సు రోడ్డు చేరినవి. చచ్చినవారికిని స్థిరనివాసము లేకపోయెను గదా!

వీధులు చూపించువారిని ఒక్కమాట యడుగుడు: ఆ వజ్రము లెక్కడివి? మన కృష్ణాతీరమున కొల్లూరు గనులవి. అచ్చట స్త్రీలు, బాలురతో గూడ 60,000 మంది పనిచేయుచుండిరని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియరు వ్రాసెను. వారికి సమాధి శిలలును లేవు. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయమున మునిగియున్నది. కావున పౌత్రులను వెంటబెట్టుకొని పోయినవారు పగడముల కథతో తృప్తిపడక, ఈ రెండవ సగమును మీరే చెప్పుడు.