ఆరోగ్యం, ఫోను, అమానతు

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే. ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పై శాంతి, శుభాలు వర్షించుగాక.



రోగం వస్తే వైద్యం చేయించుకోమని ప్రవక్త (స) బోధించారు. ఈ కాలంలో వైద్యుని గుమ్మానికి దారి చాలామందికి ఫోనులోనే మొదలవుతున్నది. 2021 మే 1న 18 నుండి 44 ఏళ్లవారికి కరోనా టీకా ప్రారంభించినప్పుడు, కోవిన్‌లో ముందుగా పేరు నమోదు చేసుకోవడం తప్పనిసరి చేశారు. ఆ పోర్టల్‌లో తెలుగు కనిపించింది జూన్‌లో. ఆలోగా ఇంగ్లీషు చదవగలవారు ముందుకు వెళ్లారు, కూలివాడు వెనుకబడ్డాడు.

మన గంగవరం నుండి బెంగళూరుకు పనికి వెళ్లిన కుమారులు ఎందరో ఉన్నారు. తల్లి ఆధార్‌కు జతచేసినది కుమారుని నంబరు. ఆమె ఇక్కడ చీటీ వరుసలో నిలబడితే, ఓటీపీ అక్కడ మోగుతుంది. మరికొన్ని ఇళ్లలో ఫోను భర్త జేబు దాటదు. స్త్రీ తన బాధను ముందు వేరొకరికి చెప్పుకొని, ఆపైన వైద్యునికి చెప్పుకోవాలి. సిగ్గుతో చెప్పలేనిది చెప్పకుండానే ఉండిపోతుంది. దీనిని మేము చిన్న విషయమనుకోలేము.

పద్నాలుగు అంకెల ఆభా సంఖ్య ఉంటే పాత పరీక్షల వివరాలను ఒకచోట చూసుకోవచ్చు. అది ఐచ్ఛికమే, నిర్బంధం కాదు. వివరాలు ఎవరికి చూపాలో రోగి అనుమతిని బట్టి ఉంటుంది. ఈ-సంజీవని ద్వారా ఇంటి నుండే వైద్యునితో ఉచితంగా మాట్లాడవచ్చు. ఫోను చేతకానివారు విలేజ్ హెల్త్ క్లినిక్‌లో అడగండి, అక్కడి సిబ్బంది కలుపుతారు.

యువకులారా! పెద్దవారి ఫోను లాక్కొని క్షణంలో పని ముగించి ఇవ్వడం సాయమే. కాని రేపు వారు మళ్లీ మీ గుమ్మం ముందే నిలబడాలి. పక్కన కూర్చోండి. వేలు వారిదే కానివ్వండి. తెరపై ఉన్నది వారి ఇంటి భాషలో, ఉర్దూ అయితే ఉర్దూలోనే, వినిపించండి. ‘అంగీకరిస్తున్నాను’ అన్న చోట, దేనికి అంగీకారమో చెప్పకుండా నొక్కించకండి. అక్కడ మీ కంటపడిన వ్యాధి పేరు మీ వద్ద అమానతు. అది టీకొట్టు దాకా వెళ్లరాదు.

ఆసుపత్రి పేరు చెప్పి ఎవరో ఫోనులో ఓటీపీ అడిగితే ఇవ్వకండి. వాట్సాప్ చిట్కా నమ్మి షుగర్ మాత్రలు మానకండి. వచ్చిన వార్తను విచారించుకోవాలని ఖుర్ఆన్ మనకు నేర్పింది కదా!

వచ్చే శుక్రవారం నమాజు తరువాత మసీదు వరండాలో నలుగురు యువకులు కూర్చుంటారు. ఆధార్, దానికి జతచేసిన ఫోను వెంట తెచ్చుకోండి. స్త్రీలకు సోదరీమణులు అసర్ తరువాత విడిగా నేర్పుతారు. ఆ పూట ఫోను వారి చేతికిచ్చి పంపండి.