ఎఱ్ఱనేల పటములు

పటము అనగానే నేడు మనకు గోడకు వ్రేలాడు అద్దపు చట్రము జ్ఞప్తికి వచ్చును. తెలంగాణమున పూర్వము పటమనిన అట్టిది కాదు. అది మూడడుగుల వెడల్పును, ముప్పది నలుబది అడుగుల పొడవును గల నూలుగుడ్డ. దానిని పందిట వ్రేలాడగట్టి, చుట్టను కొంచెము కొంచెముగా విప్పుచు, కథకుడు కఱ్ఱతో ఒక్కొక్క బొమ్మను చూపి పాడుచుండగా ఊరివారు దినముల తరబడి కూర్చుండి వినెడివారు. ఆ గుడ్డమీద మొట్టమొదట కంటబడునది ఎఱుపు. బొమ్మల వెనుక ఆకాశము లేదు, కొండల వరుస లేదు. ఉన్నదంతయు ఎఱ్ఱని నేల. ఇట్టి పటములను సేకరించువాడు నిజముగా కాపాడవలసినది దేనిని అనునదే ఈ ప్రసంగమునకు వస్తువు.

ఈ పటములను వ్రాయు చిత్రకారులను నకాషీలందురు. నేడు సిద్దిపేట జిల్లాలోనున్న చేర్యాల ఈ కళకు ప్రసిద్ధి గాంచినది. చిత్రకారుడు ఒకడు, పాడువాడు మఱియొకడు, వినువారు వేఱొకరు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును వినిపింతురు. గౌడులకు గౌడజెట్టివారు గౌడపురాణమును, రజకులకు పటమువారు మడేలు పురాణమును, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను, మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును చెప్పుదురు. ప్రతి వృత్తికిని ఒక మూలపురుషుడు, ఆతనికొక కథ, ఆ కథకొక పటము. కమాన్‌పూరు మొదలు మంథని, పెద్దపల్లి వఱకు ఏ ఊరిలో చూచినను ఈ వృత్తులవారు కలరు. కనుక ఈ పటములు మనకు పరాయి వస్తువులు కావు.

ఎఱుపు ఎట్లు వచ్చినదో చూతము. ముతక ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతమీద పూత పూసి ఆరబెట్టుదురు. గుడ్డ గట్టిపడి నునుపు తేరిన పిదప బొమ్మల రేఖలు గీసి, వాని నడుమనున్న ఖాళీనంతయు ఎఱుపుతో నింపుదురు. పూర్వము ఆ ఎఱుపునకు ఇంగిలీకము వాడెడివారు. అది పాదరసమును గంధకమును కూడిన ధాతువు. మెత్తగా నూరినకొలది వన్నె తేరును. ఎఱుపు నిండిన తరువాత స్త్రీలకు పసుపు, విష్ణుమూర్తికి నీలము, రాక్షసులకు ముదురు చామనచాయ వేయుదురు. దూరమున కూర్చున్న ముదుసలికి సైతము ఆ ఎఱుపుమీద పసుపుముఖము విప్పారి కనబడును. కనుక ఈ ఎఱుపు కేవలము అలంకారము కాదు. చివరి వరుసలోని వానికిని కథను అందించు సాధనము.

ఇక వీనిని వాస్తవిక చిత్రములనవచ్చునా యను ప్రశ్న కలదు. పాశ్చాత్యులలో వాస్తవికతకు ఆద్యుడుగా చెప్పబడు ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ కూర్బే 1849లో బాటప్రక్కన రాళ్లు కొట్టు ఇద్దరు కూలీలను పెద్ద చిత్రముగా వ్రాసెను. రాజులకును దేవతలకును ఉచితమని తలచిన పరిమాణమును చినిగిన చొక్కాల కూలివారికిచ్చుటయే ఆయన చేసిన సాహసము. మన నకాషీకి నీడ వెలుగుల మెళకువతోను, దూరపు వస్తువును చిన్నదిగా చూపుటతోను పనిలేదు. ఆ అర్థమున అతడు వాస్తవికుడు కాడు. అయినను భావనాఋషి కథలో మగ్గము మగ్గమువలెనే యుండును. గౌడపురాణమున తాటిచెట్టెక్కువాని మోకు, ముస్తాదు ఆ వృత్తివాడు చూచి తప్పు పట్టజాలనట్లు వ్రాయబడును. దేవతలు కట్టిన చీరలు మన ఊరి చీరలే. పనిచేయు మనుష్యుడు తన పనిని తాను గుర్తించునట్లు వ్రాయుట వాస్తవికతలో ఒక ముఖ్యాంశమైనచో, ఈ పటములకు ఆ గౌరవము చెందవలసినదే.

కూర్బే వ్రాసిన ఆ చిత్రము జర్మనీలోని డ్రెస్డెను నగరమునకు చేరినది. 1945లో బాంబుల దాడులలో నాశమైనది. నేడు ఆ పెద్ద చిత్రమును ఛాయాచిత్రములలో మాత్రమే చూడగలము. భద్రముగా నున్నదనుకొన్నది సైతము పోవచ్చుననుటకు ఇదియొక నిదర్శనము.

మన పటములు యుద్ధములేకయే పోయినవి. దానికి ఒక కారణము ఆచారమే. పటము కథకునకు దేవతతో సమానము. క్రొత్త పటమునకు పూజాదికములు జరిపిన పిదపనే దానిని కథకు విప్పుదురు. అది చినిగి శిథిలమైనప్పుడు మూలపడవేయరు. పూజించి నదిలో విడుతురు. పాతది పోయిననేమి, నకాషీ క్రొత్తది వ్రాసియిచ్చును. కథ నిలుచును, గుడ్డ మారును. ఈ ఏర్పాటు కొన్ని వందల సంవత్సరములు చక్కగా సాగినది. కాని పటము వ్రాయించువారు తగ్గిన కాలమున నదికి పోయిన ప్రతి పటమును తిరిగిరాని పటమే యగును.

ఈ దశలో సేకరణ అవసరమైనది. శాంతినికేతనమున చిత్రకళ నేర్చి 1951లో హైదరాబాదునకు వచ్చిన జగదీశ్ మిత్తల్‌గారును, ఆయన భార్య కమలగారును ఇతరులు చూడని వస్తువులను ఓపికతో వెదకి కూర్చిరి. 1976లో ఏర్పడిన వారి మ్యూజియమునకు ఆ కూర్పంతయు చెందినది. తెలంగాణ పటములలో మిక్కిలి ప్రాచీనమని చెప్పబడు 1625 నాటి పటము అందే కలదు. సొగసైన సూక్ష్మచిత్రములతోపాటు ఊరి పటమునకును సమానస్థానమిచ్చుట వారి దృష్టికి గల విశేషము. వారు పూనుకొనకున్నచో సుమారు నాలుగువందల ఏండ్లకు పూర్వము ఎఱుపు ఎట్టి వన్నెలో నుండెనో మనకు తెలిసియుండెడిది కాదు.

అయినను సేకరణలో ఒక చిక్కు కలదు. దానిని దాచుట న్యాయము కాదు. పటముగల కుటుంబమునకు కొన్ని ఊళ్లపై మిరాశి హక్కుండును. ఏటనో, రెండు మూడేండ్లకో ఒకసారి ఆ ఊళ్లకు పోయి కథ చెప్పి కట్నము పొందుదురు. అన్నదమ్ములు పొలము పంచుకొన్నట్లు ఆ ఊళ్లను పంచుకొందురు. పటము లేనిదే కథ లేదు, కథ లేనిదే కట్నము లేదు. కఱవునాడో, జబ్బునాడో నాలుగు రూకలకు పటమును అమ్మినవాడు గుడ్డను మాత్రమే అమ్ముట లేదు. బిడ్డల జీవనాధారమును అమ్ముచున్నాడు. కొన్నవాడు దానిని బైఠకుఖానాలో ఎఱ్ఱని అలంకారముగా వ్రేలాడదీయును. తన ఇంటి రంగులకు సరిపడునని ముప్పది అడుగుల కథలో రెండడుగులు కోసికొనువాడు సేకర్త కాడు. అతనికంటె నదియే మేలు.

బొగ్గుగనుల ప్రాంతమున ఈ విషయము మఱింత ముఖ్యమైనది. 1889లో ఇల్లందు కడ మొదలైన సింగరేణి తవ్వకములు 1960వ దశకము నాటికి రామగుండము, గోదావరిఖని ప్రాంతమునకు విస్తరించినవి. ఊళ్లనుండి వచ్చినవారు తట్టా చెమ్మస్సు పట్టి బొగ్గుబాయిలో దిగిరి. తరువాత ఓపెన్‌కాస్టు గనులు వచ్చినవి. కొన్ని ఊళ్లు ఉన్నచోట ఉండక కాలనీలుగా మారినవి. ఊరు కదలినచో ఇండ్లకు, పొలములకు నష్టపరిహారము లెక్కింతురు. ఆ ఊరిపై కథకునకు గల మిరాశి ఏ లెక్కలోనికి వచ్చును? పందిరి వేయు వాడకట్టు చెదరినచో పటము విప్పుటకు చోటేది? ఇక్కడ పటము నదికి పోదు, మ్యూజియమునకు పోదు. అటకమీద చెదలకు పోవును.

కావున సేకరింపదలచినవారికి మూడు మాటలు మనవి చేయుదును. మొదటిది, పటమునకు ముందు కథను సేకరింపుడు. కథకుని గొంతును యంత్రముపై ఎక్కించుట నేడు ప్రతివానికిని సాధ్యమే. ఏ బొమ్మ ఎవరిది, ఆ పటము ఏయే ఊళ్లలో తిరిగినది, ఎవరు వ్రాసినది వ్రాసికొనుడు. ఈ వివరములు లేని పటము పేరు తెలియని మనుష్యుని ఛాయాచిత్రము వంటిది.

రెండవది, వాడుకలోనున్న పటమును కొనకుడు, క్రొత్తది వ్రాయింపుడు. చేర్యాల చిత్రములకు భౌగోళిక గుర్తింపు లభించినది. నకాషీ కుటుంబములు నేటికిని వ్రాయుచున్నవి. పలువురు ఇంగిలీకమునకు బదులు అంగడి రంగులు వాడుచున్నను ఎఱ్ఱనేలను విడువలేదు. కథకుడు పాతపటమును విడువ నిశ్చయించినచో, క్రొత్తది అతని చేతికిచ్చి పాతదానిని అడిగి తీసికొనుట ధర్మము. అప్పుడు కథయు నిలుచును, గుడ్డయు నిలుచును.

మూడవది, ఇంట నున్నదానిని కాపాడుడు. ఇంగిలీకమునకు వెలుతురు సోకిన నల్లబడు గుణము కలదు. ఎండ తగులు గోడకు పటమును కట్టరాదు. మడతపెట్టిన రంగు మడతకడ పగిలి రాలును. లావుపాటి గొట్టమునకు బొమ్మ వెలుపలికి వచ్చునట్లు వదులుగా చుట్టి, పైన శుభ్రమైన తెల్లనూలుగుడ్డ చుట్టవలెను. మన ప్రాంతమున బొగ్గుదుమ్ము ప్రతి సందునను దూరును. దానిని తడిగుడ్డతో తుడిచినచో దుమ్ముతోపాటు రంగును పోవును, పూతలన్నియు నీటికి కరగునవే గనుక. మెత్తని పొడికుంచెతో మెల్లగా దులుపుట చాలును. వానకాలము తరువాత ఒకసారి నీడపట్టున విప్పి గాలి తగులనిచ్చుట మంచిది.

పటముల ఎఱుపు పాతపటములతో ఆగిపోలేదు. కరీంనగరు జిల్లాలో 1942లో జన్మించిన తోట వైకుంఠముగారు తెలంగాణ స్త్రీల నుదుటి బొట్టును, చీరను ఆ ఎఱుపుతోనే వ్రాసి దేశదేశములకు తెలియజేసిరి. ప్రతి వృత్తికి ఒక పటమున్నదని ముందు చెప్పితిని. బొగ్గు తీయువానికి మాత్రము తరతరములుగా వచ్చిన పటము లేదు. ఆ పని ఈ గడ్డకు క్రొత్తది గనుక. భూమిని పైకెత్తిన ఆదివరాహస్వామి వెలసిన కమాన్‌పూరులో, భూగర్భమునుండి బొగ్గును పైకెత్తు కార్మికులు తమ సంఘముల ద్వారా ఒక పటము వ్రాయించుకొనలేరా? మలకట్ట, తట్ట, టోపీదీపము, షిఫ్టు దిగి వచ్చువాని కొఱకు ఎదురుచూచు ఇల్లాలు, కదలిపోయిన ఊరు, అన్నియు ఆ ఎఱ్ఱనేలమీద ఒదుగును. అట్టి పటమును వ్రాయుటకు నకాషీ కలడు, పాడుటకు కథకుడు కలడు. వ్రాయింపవలసినవారు మనమే.