కాకినాడ రేవు పట్టాలు – కోనసీమ సరకులు

గౌతమీ వసిష్ఠల నడుమ, సముద్రము హద్దుగా వెలసిన ముక్కోణపు భూమి కోనసీమ. వైనతేయ దీనిని మఱల రెండుగా చీల్చుచున్నది. ఈ భూమిలో పండించుట కష్టము కాదు. పండినదానిని ఏఱు దాటించుటయే కష్టము. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో కొబ్బరిచెట్టు లేని పెరడు అరుదు. కాయను దింపుట కొక కూలి, ఒలుచుట కొక కూలి, గట్టునకు చేర్చుట కొక కూలి, ఏఱు దాటించుటకు మఱియొక కూలి. ఈ కూలులన్నియు పోగా మిగిలినదే రైతు సొమ్ము. కావున కాయవెల చెట్టు క్రింద తేలదు, దారిలో తేలును. అట్టి దారులలో నొకటి కాకినాడ రేవునకు పోవు రైలుమార్గము. ఆ పట్టాలమీద ఏ సరకు లెట్లు నడచినవో, నడుమ నేల నిలిచినవో, ముందు కోనసీమకు వానివలన మేలు కలుగవలెనన్న నేమి కావలెనో ఈ ప్రసంగమున విన్నవింతును.

గోదావరి మండలమునకు రైలుపట్టా తక్కిన దేశముకంటె ముందే తెలియును. బొంబాయి ఠాణాల నడుమ 1853లో ప్రయాణికుల బండి నడచుటకు మునుపే, ధవళేశ్వరమున ఆనకట్ట పనికై కొండరాళ్లను నదియొడ్డునకు చేర్చుటకు పట్టాలు పఱచి బండ్లు నడిపిరి. అనగా మన సీమలో పట్టామీద నడచిన మొదటి సరకు ధాన్యము కాదు, కొబ్బరి కాదు, రాయి. ఆ రాళ్లతో 1847 మొదలు 1852 వరకు కట్టిన యానకట్ట పొలములకు నీరిచ్చుటయే గాక, పడవలకు దారి యిచ్చినది. ఆనకట్టకు ఎగువ నీరు నిలిచి యుండుటచే, కోనసీమ కాలువలలోని పడవ బొబ్బర్లంక లాకు దాటి నదిలో ప్రవేశించి, ధవళేశ్వరపు లాకున తూర్పు కాలువలోనికి దిగి, కాకినాడ చేరగలిగెడిది. పడమటి డెల్టా కాలువల మీదుగా బెజవాడకును, అచ్చటినుండి బకింగుహాము కాలువ ద్వారా చెన్నపట్టణమునకును జలమార్గము కలిగెను. ఆనకట్ట కట్టించిన ఆర్థరు కాటను దొర, సరకు మోయుటకు రైలుకంటె కాలువయే చవుక యని గట్టిగా వాదించినవాడు. ఆయన మాట ఒట్టి పట్టుదల కాదు. బరువును నీటిపై లాగుటకు కావలసిన బలము తక్కువ. ఆ మెఱక లేని డెల్టాలో పడవను గట్టుమీద నిద్దఱు మనుష్యులు త్రాటితో లాగుకొని పోగలరు. అయితే కాలువకు రెండు లోపములు గలవు. మొదటిది ఆలస్యము. రెండవది వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయు దినములు. ఆ దినములలో పడవ లున్నచోటనే నిలిచిపోవలెను.

రేవు సంగతి చెప్పుదము. కాకినాడకు మునుపు ఈ తీరమున పేరుపొందిన రేవు కోరంగి. 1789లోను, 1839లోను వచ్చిన తుపానులవలనను, గౌతమి తెచ్చి పోసిన యొండ్రువలనను దాని వైభవ మడుగంటెను. వర్తకము ఉత్తరముగా కాకినాడకు జరిగెను. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగుటచే ఇంగ్లండు మిల్లులకు ప్రత్తి కఱవై, మన ప్రత్తికి గిరాకి పెరిగినపుడు, కాకినాడ రేవున సందడి హెచ్చెను. కాని కాకినాడ లోతైన రేవు కాదు. ఒడ్డున నీరు పలుచన. ఓడలు దూరమున లంగరు వేసి నిలుచును. హోపు దీవి యడ్డుగా నుండుటచే అచ్చట అలల యుధృతి కొంత తగ్గును. సరకును గట్టున నావలలోని కెక్కించి, నావలను కాలువగుండ సముద్రములోనికి తోలి, ఓడ ప్రక్కన మఱల పైకెత్తవలెను. ఒక్క బస్తా రెండుమాఱులు చేతులు మాఱవలెను. ఈ రెండు మాఱుల కూలియే కాకినాడకు కలకాలపు బరువు.

1893 మొదలు తూర్పుతీరపు రైలుమార్గము భాగములుగా తెఱవబడెను. ఆ పెద్దమార్గముమీది సామర్లకోటనుండి కాకినాడకును, రేవునకును సుమారు 10 మైళ్ల శాఖ ఏర్పడెను. పొడవున చిన్నదైనను ఈ శాఖ చేసిన పని గొప్పది. అంతవఱకు కాలువ ఎంతదూరము పోవునో అంతవఱకే కాకినాడ రేవునకు పెరడు. రైలుతో ఆ పెరడు మెట్టసీమకు ప్రాకెను. నిజాము రాజ్యపు రైలు 1889లోనే బెజవాడ చేరియుండుటచే, నూనెగింజలు, ప్రత్తి మొదలగు లోనాటి సరకులకు ఈ రేవు దారి సుగమమయ్యెను. బియ్యము, నువ్వులు, ఆముదపు గింజలు, పొగాకు ఓడలెక్కుచుండెను. కిరసనాయిలు, ఇనుపసామాను, బర్మా టేకు దిగుచుండెను. సరకుతోపాటు మనుష్యులును ఈ రేవుననే ఓడ యెక్కిరి. రంగూను మిల్లులలో కూలికి పోయిన తెలుగువారిలో వేలకొలది జనులు కాకినాడ గట్టునుండియే బయలుదేఱిరి.

అయితే రైలు నైజము నిచ్చట గుర్తింపవలెను. ఏ పట్టా రేవునకు సరకు తెచ్చునో, ఆ పట్టాయే రేవు ముందునుండి సరకును దాటించి పోగలదు. 1899లో బెజవాడనుండి చెన్నపట్టణమునకు తీరపుమార్గము కలిసెను. 1900లో రాజమహేంద్రవరమున గోదావరిపై హేవులాకు వంతెన తెఱవబడెను. అంతట సామర్లకోటలో కాకినాడవైపు తిరుగవలసిన బండి, తిరుగక నేరుగా పెద్ద రేవులకు పోవుటకు వీలయ్యెను. 1933లో విశాఖపట్టణమున లోతైన రేవు తెఱవబడెను. అచ్చట ఓడ గట్టునే ఆనుకొని నిలుచును; సరకు ఒక్కమాఱు చేతులు మాఱిన చాలును. రెండు కూలులకు, ఒక కూలికి నడుమ పోటీలో నెవ్వరు గెలుతురో చెప్పనక్కఱలేదు.

ఇంతవఱకు చెప్పిన చరిత్రలో కోనసీమకు పట్టా లేదు. దానికి దగ్గఱగా వచ్చిన మొదటి పట్టా కాకినాడ–కోటిపల్లి శాఖ. 1928లో తెఱవబడిన యీ శాఖ సుమారు 28 మైళ్లు. కాకినాడనుండి కరప, రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగా గౌతమి యొడ్డున కోటిపల్లి వఱకు పోవును. కోటిపల్లికి ఎదురుగట్టు ముక్తేశ్వరము. అదియే కోనసీమకు వాకిలి. రామచంద్రపురపు వరిపొలములను, పంటుమీద దాటివచ్చు కోనసీమ కొబ్బరిని కాకినాడ రేవుతో ముడివేయదగిన త్రోవ యిది. శివరాత్రికి కోటిపల్లి సోమేశ్వరుని సేవించు యాత్రికులకును అనుకూలమైనది. కాని కట్టిన సమయము మంచిది కాదు. మరుసటి సంవత్సరముననే లోకమంతట ఆర్థికమాంద్య మారంభమై, ధాన్యపు ధరలు కూలిపోయెను. అంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. యుద్ధమునకు ఇనుము కావలసి 1940లో ఈ పట్టాలు పెఱికివేయబడెను. పండ్రెండేండ్లు బ్రతికిన మార్గము అఱువదినాలుగేండ్లు మాయమయ్యెను.

దేశమున పెక్కు చిన్న శాఖలకు ఆ దినములలో నిదే గతి పట్టినది. లెక్కలలో నష్టము చూపు శాఖ మొదట బలియగును. కాని శాఖయొక్క లాభము శాఖలోనే వెదకుట సరికాదు. కోటిపల్లిలో నెక్కిన బస్తా సామర్లకోట దాటి ఎంతదూరము పోయినదో, ఆ దూరపు రాబడియంతయు పెద్దమార్గపు పద్దులో పడును. ఖర్చు మాత్రము శాఖ పద్దున నుండును. ఉపనది యెండిన పిదప గాని నదికి దాని విలువ తెలియదు.

యుద్ధము రేవును సైతము విడువలేదు. 1942 ఏప్రిలు 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్టణముతోపాటు కాకినాడపైనను బాంబులు వైచెను. బర్మా శత్రువుల వశమగుటతో రంగూను వర్తకము తెగిపోయెను. స్వాతంత్ర్యానంతరము కోనసీమ సరకు క్రమముగా లారీల పాలయ్యెను. కాలువలలో తెఱచాప పడవలు తగ్గిపోయినవి. గౌతమీ వసిష్ఠలపై వంతెనలు వచ్చి, రావులపాలెమునుండి అరటిగెలలు, అంబాజీపేటనుండి కొబ్బరికాయలు, కురిడీలు లారీలలో దూరదేశములకు పోవ నారంభించెను. లారీకొక గొప్పగుణము గలదు: తోట గట్టునకే వచ్చి యెక్కించుకొనును, అంగడి గుమ్మమందే దింపును. నడుమ చేతులు మాఱుట లేదు.

కాకినాడ రేవుశాఖ మాత్రము నశింపలేదు, రూపము మార్చుకొనినది. పట్టణమున ఎరువుల కర్మాగారములు వెలసినవి. 1997లో లోతునీటి రేవు పనిలోనికి వచ్చి, ఓడలు గట్టు నానుకొని నిలుచుట కాకినాడకును అబ్బెను. నావలమీద ఎక్కించు పాత లంగరు రేవును మానలేదు. విదేశములకు పోవు బియ్యము నేటికిని అచ్చట విస్తారముగా ఓడ లెక్కుచున్నది. దిగుమతి బొగ్గు, ఎరువులు పట్టాలపై లోనాటికి పోవుచున్నవి.

ఈ మార్పులో చిన్న వర్తకుడు గమనింపవలసిన సూక్ష్మ మొకటి గలదు. పూర్వము గూడ్సుబండి యన పలువురి సరకుల సంత. ఒక వాగనులో బియ్యము, వేఱొక వాగనులో కొబ్బరి, మఱొకదానిలో బెల్లము. ఏ చిన్న స్టేషనులోనైనను ఒక్క వాగను చాలినంత సరకున్న వర్తకుడు దానిని బుక్కు చేయగలిగెడివాడు. ఆ వాగన్లను కూడళ్లలో విడదీసి కలుపుటకే దినములు పట్టెడివి. ఆ యాలస్యమును మానుటకై రైల్వేవారు ఇరువదవ శతాబ్దపు చివరి దశాబ్దములలో బండికి బండి మొత్తముగా బుక్కు చేయు పద్ధతికి మఱలిరి. నేడు నలువదికి పైబడిన వాగన్లుగల యొక ధాన్యపు గూడ్సులో సుమారు 2,500 టన్నులు పట్టును. ఎరువుల కర్మాగారమునకు, బొగ్గు దింపు రేవునకు ఇది తగినది. అంబాజీపేట వర్తకు డొక్కడు ఒకేదినమున ఒకే యూరికి 2,500 టన్నుల కొబ్బరిని ఎట్లు పంపగలడు? కావున పట్టా ఎదుటనున్నను అది యాతనికి అందదు.

ఈ సంగతి యిప్పు డేల ముఖ్యమనగా, పట్టా మఱల కోనసీమ గుమ్మమునకు వచ్చుచున్నది. 2000–01 సంవత్సరపు రైల్వే బడ్జెటులో కోటిపల్లినుండి నరసాపురమునకు సుమారు 57 కిలోమీటర్ల క్రొత్తమార్గము మంజూరయ్యెను. అప్పుడు లోకసభకు అధ్యక్షులుగానున్న అమలాపురపు ప్రతినిధి జి.ఎం.సి. బాలయోగిగారు దీనికై పాటుపడిరి; 2002 మార్చి 3వ తేదీన ఆయన హెలికాప్టరు ప్రమాదమున మరణించిరి. 2004లో కాకినాడ–కోటిపల్లి పట్టాలు మఱల పఱచి తెఱచిరి. దానిపై రైలుబస్సు నడపిరి. 2022లో కోనసీమ జిల్లా ఏర్పడినపుడు కోటిపల్లి యా జిల్లాలోనే చేరినది. కాని గౌతమి యీవల నిలిచిన పట్టా ఆవలిగట్టు చేరలేదు. గౌతమి, వైనతేయ, వసిష్ఠ — మూడు నదులకు మూడు పెద్ద వంతెనలు కావలెను. గౌతమిలో స్తంభములు లేచినవి. మంజూరై ఇరువదియైదేండ్లు దాటినను బండి మాత్రము నడువలేదు.

ఈలోపల కోనసీమ భూగర్భమునుండి తీయు సహజవాయువు గొట్టములలో సాగి దూరమునకు పోవుచున్నది. దానికి వంతెన యక్కఱలేదు, స్టేషను అక్కఱలేదు. 2014 జూను 27వ తేదీన నగరము గ్రామమున అట్టి గొట్టము పగిలి మంటలు చెలరేగి ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. నేలలోని ధనము త్వరగా దాటిపోవుటయు, దాని ప్రమాదము మాత్రము ఊరివారికి మిగులుటయు, చెట్టుమీది ధనమునకు దారి దొరకకపోవుటయు — ఈ మూడింటిని ఒక్కచో నుంచి చూచిన, ఆ సీమవారి మనోవేదన తెలియగలదు.

కావున వంతెన పూర్తియైన దినముననే పని ముగిసెనని తలపరాదు. అమలాపురమున ప్రయాణికుల వేదిక కట్టి, సరకుల గిడ్డంగి కట్టకున్నచో, కోనసీమకు రైలు వచ్చినను కొబ్బరికి రాలేదన్నమాట. కావలసినవి మూడు. మొదటిది, మార్గము వేయునపుడే సరకుల పట్టాకు, గిడ్డంగికి, లారీలు తిరుగు ఆవరణకు స్థలము విడుచుట. ఊరు పెరిగినపిదప ఆ స్థలము దొరకదు. రెండవది, చిన్న వర్తకుల సరకును ఒక్కటిగా కూర్చు సహకార సంఘములు; నూఱుమంది సరకు కలిసిన గాని బండి నిండదు. మూడవది, నిండుబండి నియమమునకు సడలింపు. ఇది జరుగరానిది కాదు. 2020లో రైతుల కాయగూరలకు, పండ్లకు కిసాను రైళ్లు నడపి, అనంతపురమునుండి ఢిల్లీకి పండ్లు పంపిరి. అందు కొద్దిపాటి సరకును సైతము తీసికొనిరి, కిరాయిలో సగము తగ్గించిరి. అనంతపురపు బత్తాయికి వీలైనది అమలాపురపు కొబ్బరికి వీలుకాకపోవుటకు కారణము లేదు.

రాయిని మోసిన పట్టా ఆనకట్టను కట్టినది. ఆనకట్ట కోనసీమకు పచ్చదన మిచ్చినది. ఆ పచ్చదనమునకు వెల తెచ్చునట్టి పట్టా యింకను ఏటి యీవలనే యున్నది. అది ఆవలిగట్టు చేరునాడు, దానితో గిడ్డంగియు చేరునట్లు చూచుకొనుట ఆ సీమవారి బాధ్యత, అడుగుట వారి హక్కు.