యుద్ధకాలంలో న్యాయమైన సాక్ష్యం



అల్లాహ్‌ను స్తుతించి, ఆయన ప్రవక్త (స)పై దరూద్ పంపిన అనంతరం నేటి విషయానికి వస్తున్నాను.

2025 మే 9న నియంత్రణ రేఖ వద్ద జరిగిన కాల్పులలో మన జిల్లా జవాను మురళీ నాయక్ వీరమరణం పొందారు. గోరంట్ల మండలం కల్లి తండా ఆయన స్వగ్రామం. అంతకు రెండు రోజుల ముందు పూంఛ్‌లో ఫిరంగి గుండ్లకు సామాన్యులు బలయ్యారు. వారిలో ఒక మదరసా ఉపాధ్యాయుడు ఉన్నారు. కొన్ని టీవీ ఛానళ్లు ఆయనను ఉగ్రవాదిగా చూపాయి. అది అబద్ధమని అక్కడి పోలీసులే ప్రకటించవలసి వచ్చింది. ఇరువురి ప్రాణాలూ తీసినవి సరిహద్దు ఆవలి ఆయుధాలే. ఒకరికి ప్రభుత్వ లాంఛనాలు దక్కాయి, అది న్యాయమే. మరొకరికి అపవాదు దక్కింది.

నమ్మదగనివాడు వార్త తెస్తే ముందు నిర్ధారించుకోవాలని అల్ హుజురాత్ సూరా 6వ ఆయత్ మనలను ఆదేశిస్తున్నది. యుద్ధం మొదట హరించేది ఆ ఓపికనే. నిజం తెలియని ప్రజలు ఓటుతో ఏ తీర్పు చెప్పగలరు?

చరిత్ర చూడండి. 1962లో చైనాతో పోరు నెల రోజులలో ఆగింది. అప్పటి ఎమర్జెన్సీ 1968 జనవరి వరకు నడిచింది. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధం 13 రోజులు. ఆనాటి ఎమర్జెన్సీ 1977 మార్చి దాకా రద్దు కాలేదు. 1975లో మరొకటి దానిమీద వచ్చి చేరింది. విచారణ లేకుండా నిర్బంధింపబడినవాడు ప్రాణహక్కు కోసమైనా కోర్టు తలుపు తట్టలేడని 1976లో సుప్రీంకోర్టే తీర్పు చెప్పింది. ఆ దారి మూయడానికి 1978లో 44వ రాజ్యాంగ సవరణ చేయవలసి వచ్చింది. పొరుగుదేశం గతి మరీ కఠినం. 1999 జూలైలో కార్గిల్ యుద్ధం ముగిసింది; అక్టోబరులో వారి సైన్యాధిపతి ఎన్నికైన ప్రభుత్వాన్నే కూలదోశాడు.

ఇదంతా ఢిల్లీ, ఇస్లామాబాద్‌ల సంగతి అనుకోకండి. ఆ మే నెలలో మన బజారులో ఒక పెద్దాయన తాగునీటి మాట ఎత్తగానే, సరిహద్దులో ప్రాణాలు పోతుంటే నీళ్ల గొడవేమిటని గదమాయించారు. ఆయన మారుమాట లేకుండా వెళ్లిపోయారు. గదమాయించినవారిలో మనవారూ ఉన్నారు. ఎక్కడ మనలను అనుమానిస్తారోనన్న భయంతో కొందరం అందరికన్నా బిగ్గరగా అరుస్తాము. నేనూ ఆ రోజు మౌనంగానే ఉన్నాను.

ఒక జాతి పట్ల ద్వేషం మిమ్మల్ని న్యాయం నుండి తప్పించరాదన్నది అల్ మాయిదా సూరా 8వ ఆయత్ భావం. శత్రువు విషయంలోనే ఇంత కట్టడి ఉన్నప్పుడు, నీళ్లు అడిగిన పొరుగువాని నోరు మూయించే హక్కు మనకెక్కడిది? ఆ పెద్దాయన రేపు గ్రామసభకు వెళ్తానన్నారు. ఆయన వెంట నేనూ వెళ్తున్నాను, వీలున్నవారు రండి.

ఇప్పుడు దుఆ చేద్దాం. కల్లి తండాలోని ఆ తల్లిదండ్రులకు, పూంఛ్‌లోని ఆ కుటుంబానికి, సరిహద్దుకు ఇరువైపులా బలైన నిరపరాధుల ఇళ్లకు అల్లాహ్ ఓర్పును ప్రసాదించుగాక. ఆమీన్.