పెద్దలకూ ఒక పాత్ర: బస్తర్ చెప్పే పాఠం

ఆటలు పిల్లల సొత్తని మనలో చాలామంది అనుకుంటాం. ఉద్యోగం, పెళ్ళి, సంసారం మొదలయ్యాక పాచికలూ గవ్వలూ అటకెక్కుతాయి. వాటిని పెద్దవాళ్ళు మళ్ళీ దించుకోవాలంటే ఏం కావాలి? ఈ ప్రసంగంలో మనం పరిశీలించే ప్రశ్న ఇదే.

ముందుగా ఒక ఉదాహరణ చూద్దాం. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను వెలువరించారు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు సూత్రధారిగా ఉండి ఒక ఊహాలోకాన్ని వర్ణిస్తారు. మిగిలినవారు యోధుడు, మాంత్రికుడు వంటి పాత్రలు తీసుకుని, తాము ఏం చేస్తారో నోటితో చెబుతారు. ఫలితం సందేహంగా ఉన్నచోట 20 ముఖాల పాచిక తేలుస్తుంది. ఒకరిని ఓడించడం ఇందులో లక్ష్యం కాదు. అందరూ కలిసి కథను నడపాలి.

చదువుకునే రోజుల్లో ఈ ఆట ఆడి మానేసినవారు నడివయసులో మళ్ళీ దాని దగ్గరకు రావడం కద్దు. అప్పటికి పాత స్నేహితులు తలోదిక్కు అయి ఉంటారు. అలాంటివారికి ఆటసామాను అమ్మే దుకాణమే ఆసరా. పాశ్చాత్య దేశాల్లో ఇటువంటి దుకాణాలు చాలావాటిలో బల్లలు వేసి ఉంచుతారు. నిర్ణీతమైన సాయంత్రం ముక్కూ మొహం తెలియనివారు కూడా వచ్చి ఆటలో చేరవచ్చు.

పాత్ర ధరించి నియమం ప్రకారం మెలగడం మన దేశానికి కొత్త కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ వైపు చూడండి. ఉత్తర బస్తర్‌లోని మురియా గోండుల పల్లెల్లో 'ఘోటుల్' అనే యువజన గృహాలు ఉండేవి. వెరియర్ ఎల్విన్ 1947లో వెలువడిన తన గ్రంథంలో వీటిని వివరంగా వర్ణించాడు. అక్కడ చేరిన అవివాహిత యువతీయువకులకు సిర్దార్, దివాన్, కోత్వార్, బెలోసా వంటి కొత్త పేర్లు పెట్టేవారు. వీటిలో చాలావరకు రాజు కొలువులోని ఉద్యోగాల పేర్లే! పేరుతోపాటు పనీ వచ్చేది. కట్టెలు తేవాలి, వాకిలి ఊడ్వాలి, తగవులు తీర్చాలి. పని తప్పితే శిక్ష. బయటివారు ఘోటుల్ గురించి ఎన్నో కబుర్లు చెప్పుకున్నారు గానీ, అది బాధ్యత నేర్పిన బడి. అయితే సాధారణంగా పెళ్ళితో ఆ జీవితం ముగిసేది. కాలక్రమంలో అనేక పల్లెల్లో ఆ ఇల్లే కనుమరుగైంది. ఇల్లు పోతే అందులోని పాత్రలూ పోతాయి.

మరి పెద్దల మాట? జగదల్‌పూర్‌లో దంతేశ్వరీ దేవి పేరిట 75 రోజులు జరిగే బస్తర్ దసరాను గమనించండి. ఇక్కడి రాజవంశం ఓరుగల్లు నుంచి వచ్చిన కాకతీయ అన్నమదేవుణ్ణి తన మూలపురుషుడుగా చెప్పుకుంటుంది. విజయదశమి రాత్రి ఆదివాసులు ఎనిమిది చక్రాల రథాన్ని 'దొంగిలించి' కుమ్డాకోట్‌కు లాక్కుపోతారు. మరునాడు రాజు అక్కడికి వెళ్ళి, వారితో కలిసి కొత్త ధాన్యం ఆరగించి, రథాన్ని వెనక్కు రప్పించుకుంటాడు. 1948లో సంస్థానం భారతదేశంలో విలీనమైంది. రాజ్యం పోయినా ఆ పాత్రలు నిలిచాయి.

ఇది చేసేవారికి ఆట కాదు, ఆరాధన. ఆ భేదాన్ని మనం మరువరాదు. అయినా దాని పనితీరు గమనించదగ్గది. అలక చూపే హక్కు ప్రజలది, వెళ్ళి బతిమాలే విధి పాలకుడిది. మామూలు రోజుల్లో ఎదుటపడి అనలేని మాటకు పాత్ర ఒక దారి చూపుతుంది.

దుకాణంలోని బల్ల, ఘోటుల్, కుమ్డాకోట్ – ఈ మూడింటిలోనూ ఉన్నవి మూడే: ఒక చోటు, అందరూ ఒప్పుకున్న నియమం, మనం రాకపోతే వెలితిగా ఉండే ఒక పాత్ర. తీరిక దొరికాక ఆడదామనుకుంటే ఆ తీరిక ఎన్నటికీ దొరకదు. ముందు రోజు నిర్ణయించుకోండి. మీ ఊరి గ్రంథాలయంలోనో, ఇంటి అరుగు మీదనో నలుగురిని పిలవండి. ప్రతి ఒక్కరికీ ఒక పాత్ర ఇవ్వండి. మరుసటి వారం ఎవరైనా రాకపోతే, "ఏమయింది?" అని అడగడానికి మిగిలినవారు ఉంటారు.